పెంపుడు కుక్కే కదా అని ఊరుకోవద్దు

ఇంటి కుక్కే కదా, పన్ను గీరుకుంటే ఏమవుతుందిలే అనుకోవద్దు. దాని లాలాజలంలో రేబిస్ క్రిమి ఉంటే, అది గాయంలోనుండి నరాల వెంట మెదడుకు పాకుతుంది. నీళ్లను చూసి బెదిరే స్థితి వచ్చాక బ్రతికినవారు బహు అరుదు.

వెంటనే కుళాయి ధార క్రింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం పెట్టకూడదు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రిలో మొదటి టీకా వేయించాలి. చర్మంలోకి వేసే పద్ధతిలో తరువాతివి 3, 7, 28వ రోజుల్లో. బొడ్డు చుట్టూ పొడిచే ఆ పాత సూదులు ఇప్పుడు లేవు, భయపడకండి. రక్తం కారితే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం. పసరు మందు పని చేయదు. ప్రార్థన తప్పక చేయండి, ఆటోలో ఆసుపత్రికి వెళ్తూ చేయండి.

కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే టీకా, ఆపైన ఏటేటా. పిల్లికి కూడా.