కుండీ పూలకు సుగంధ తైలాలు: ఎంత వాడాలి, ఎక్కడ పెట్టాలి

"నిమ్మగడ్డి నూనె కొడితే పేనుబంక పోతుందా తమ్ముడూ?" అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. జవాబుకు ముందు నేను చేసిన తప్పు చెప్తా.

రెండేళ్ల కిందట దసరా అమ్మకానికి 200 కుండీల్లో చామంతి పెట్టాను. మొగ్గ మీద పేనుబంక కనిపించింది. కంగారులో లీటరుకు 10 మి.లీ. చొప్పున నిమ్మగడ్డి నూనె పోసి, మిట్టమధ్యాహ్నం కొట్టేశా. నూనె నీళ్లలో కలవదు, పైన తేలుతుంది. పంపు గొట్టం అడుగు నుంచి లాగుతుంది కాబట్టి ముందు కుండీలకు ఉత్త నీళ్లు, చివరి 40 కుండీలకు చిక్కటి నూనె పడ్డాయి. తెల్లారేసరికి ఆ 40లో ఆకులు మాడి, మొగ్గలు నల్లబడ్డాయి. ముందు కుండీల్లో పేనుబంక అలాగే ఉంది! డిప్లొమా చదివినోడి పని ఇది.

వేపనూనె గింజను పిండి తీసేది, ఆకు మీద నిలుస్తుంది. సుగంధ తైలం ఆవిరి పట్టి తీసేది, గాలికి ఎగిరిపోతుంది. పురుగు చాలావరకు మొక్కను వాసనతోనే పసిగడుతుంది. ఈ ఘాటు ఆ వాసనను కప్పేస్తుంది. వచ్చే పురుగును తికమక పెడుతుంది గానీ, వచ్చి కూర్చున్నదాన్ని లేపడం దీనికి అంత సులువు కాదు.

అందుకే ఇప్పుడు నేను మొక్క మీద కన్నా మొక్క చుట్టూ ఎక్కువ వాడుతున్నా. కొబ్బరి పీచు ముక్క మీద నాలుగు చుక్కలు వేసి కుండీ అంచున పెడతా. రెండు మూడు రోజులకోసారి మళ్లీ వేయాలి, వాన పడితే వెంటనే. పేనుబంకను కాపు కాసే చీమల దారిలో పుదీనా నూనె రాస్తే చీమలు పక్కకు తప్పుకుంటాయి. చీమలు లేకపోతే అక్షింతల పురుగులకు పేనుబంక సులువుగా దొరుకుతుంది.

కొట్టాల్సి వస్తే లీటరుకు 1 మి.లీ. మించొద్దు. ఆ నూనెను ముందు అర కప్పు చిక్కటి కుంకుడు రసంలో పాలలా తెల్లబడేదాకా గిలకొట్టి, తర్వాత నీళ్లు కలపండి. మధ్యమధ్యలో పంపు కుదుపుతూ ఉండండి (వీడియోలో తేట ఎలా విడిపోతుందో చూశారు కదా). సాయంత్రం ఎండ దిగాకే, విచ్చిన పూల మీద పడకుండా కొట్టండి, తేనెటీగలు వస్తాయి. ముందు రెండు ఆకుల మీద కొట్టి ఒక రోజు ఆగండి.

నూనె కొనేటప్పుడు తెల్ల కాగితం మీద ఒక చుక్క వేయండి. మర్నాడు జిడ్డు మరక మిగిలితే అందులో వేరే నూనె కలిసినట్టే. అగరుబత్తి సెంటు దీనికి పనికిరాదు.

మందారం మీద పిండినల్లి ముదిరితే వాసనలు పక్కనపెట్టి, సబ్బు నీళ్ల దూదితో తుడిచి, వేప కషాయం కొట్టండి. ఇంట్లో పిల్లి ఉంటే మాత్రం ఈ తైలాలు అసలు వద్దు, వాటి ఒంటికి పడవు.