చెస్ట్‌నట్ మూస్ కేకు: అపోహలు – వాస్తవాలు

పొరలు పొరలుగా కట్టే చెస్ట్‌నట్ మూస్ కేకు ఇంట్లో కుదరలేదంటే తప్పంతా సరుకు మీదికి నెట్టేస్తాం. అసలు చెస్ట్‌నట్ దొరకలేదనో, ఖరీదైన క్రీమ్ కొనలేదనో అనుకుంటాం. నిజానికి చాలాసార్లు దెబ్బతీసేది వేడి. ఏ పదార్థం ఎంత వేడి దగ్గర గట్టిపడుతుందో, ఎక్కడ కరుగుతుందో తెలిస్తే సగం పని అయినట్టే. మే నెలలో 45 డిగ్రీలు చూసే ఫరీదాబాద్‌లో ఇది మరీ ముఖ్యం.

అపోహ: సింఘాడా, చెస్ట్‌నట్ ఒకటే.

కావు. శీతాకాలంలో ఫరీదాబాద్ తోపుడు బళ్ల మీద అమ్మే సింఘాడా చెరువుల్లో పెరిగే మొక్క కాయ. నవరాత్రి ఉపవాసాలకు దాని పిండినే వాడతారు. చెస్ట్‌నట్ చెట్టుకు కాస్తుంది. హిమాలయాల్లో చూడటానికి అలాగే ఉండే మరో గింజ ఉంది, హార్స్ చెస్ట్‌నట్. అది చేదు, పచ్చిగా తింటే విషం; దాని జోలికి పోకూడదు. అలాగని సింఘాడా పనికిరాదని కాదు. జీడిపప్పులో కొవ్వు నూటికి 40 వంతులు దాటితే చెస్ట్‌నట్‌లో రెండు మూడు వంతులే, మిగతాది ఎక్కువగా పిండి పదార్థం, నీరు. సింఘాడాదీ దాదాపు అదే తీరు. ఉడకబెట్టి తొక్క తీసి, పాలతో మెత్తగా రుబ్బితే చిక్కటి గుజ్జు వస్తుంది. రుచి మాటేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. చెస్ట్‌నట్‌కున్న తీపి, కమ్మదనం సింఘాడాకు రావు. చక్కెర, వెనిలా కాస్త ఎక్కువ పడాలి. అది సింఘాడా మూస్ అవుతుంది, చెస్ట్‌నట్ మూస్ కాదు.

అపోహ: ఓపికగా గిలకొడితే ఏ క్రీమైనా పొంగుతుంది.

క్రీమ్‌లో గాలి బుడగలను పట్టి ఉంచేవి కొవ్వు కణాలు. అవి చల్లగా, గట్టిగా ఉంటేనే ఒకదానికొకటి అంటుకుని గోడ కడతాయి. కొట్లో దొరికే అమూల్ ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతం. నిలబడే నురగకు 30 శాతానికి పైనే కావాలి. 35 శాతం ఉన్న క్రీమ్ కూడా వేసవి వంటింట్లో గిన్నె వేడెక్కితే జారిపోతుంది. అందుకే గిన్నె, విస్క్, క్రీమ్ మూడూ ఫ్రిజ్‌లోంచి నేరుగా రావాలి. బేకరీ కేకులు ఎండాకాలంలోనూ నిలుస్తున్నాయి కదా అంటే, చాలాచోట్ల వాడేది వనస్పతి కొవ్వుతో చేసిన టాపింగ్. ఆకారం నిలుస్తుంది, కానీ పాల క్రీమ్‌లా నోట్లో కరగదు. నాలుక మీద జిడ్డు పొర మిగులుతుంది.

అపోహ: జెలటిన్ బదులు అంతే చైనా గ్రాస్ వేస్తే చాలు.

శాకాహారుల ఇళ్లలో ఎక్కువగా బెడిసికొట్టేది ఇదే. జెలటిన్ జంతువుల నుంచి వస్తుంది, సుమారు 35 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నోట్లో పెట్టగానే మూస్ కరిగిపోవడానికి కారణం అదే. చైనా గ్రాస్ సముద్రపు నాచు నుంచి వస్తుంది. దాన్ని బాగా మరిగించాలి. 40 డిగ్రీల లోపు పడగానే గడ్డకడుతుంది, మళ్లీ కరగాలంటే 85 డిగ్రీలు కావాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన గుజ్జులో పోస్తే క్షణంలో ఉండలు కడుతుంది. కాబట్టి గుజ్జును గోరువెచ్చగా ఉంచి, మరిగించిన చైనా గ్రాస్ ద్రావణం కలపాలి, వెంటనే గిలకొట్టిన క్రీమ్‌ను మడతలు పెడుతున్నట్టు కలిపేయాలి. జెలటిన్ బరువులో సగంకంటే తక్కువే వేయాలి. సమానంగా వేస్తే రబ్బరవుతుంది.

పొరల విషయంలోనూ సూత్రం ఇదే. కింది పొర వేలికి అంటుకోనంతగా గట్టిపడ్డాకే పైది పోయాలి, అదీ వేడి తగ్గాక. తొందరపడితే రెండూ కలిసిపోతాయి. డిసెంబరు విందుకు జెలటిన్ హాయిగా పనిచేస్తుంది. మే నెలలో కేకు కాసేపు బల్ల మీద ఉండాలంటే, కరిగే గుణం కొంత వదులుకుని చైనా గ్రాస్ ఎంచుకోవడమే తెలివి. అయితే క్రీమ్ వేడికి ఎలాగూ మెత్తబడుతుంది కనుక, ఏది వాడినా సరిగ్గా వడ్డించే ముందు మాత్రమే ఫ్రిజ్‌లోంచి తీయాలి.