నాటిన మొక్క ఎందుకు ఎండిపోతుంది? – వేరు, కాండం సంగతులు

తొలకరి పడగానే మన బడుల్లో, ఈద్గాల చుట్టూ, ఖబరస్తాన్లలో మొక్కలు నాటుతాం. 2015లో రాష్ట్ర ప్రభుత్వం హరితహారం మొదలుపెట్టాక ఈ అలవాటు ఇంకా పెరిగింది. మొక్కకు, గుంతకు, ట్రీగార్డుకు దాతలు మనసారా ఇస్తారు. తీరా ఎండాకాలం వచ్చేసరికి కొన్ని గార్డులు ఖాళీగా నిలబడి ఉంటాయి. ఎవరూ నీళ్లు పోయలేదని అనుకుంటాం. అది కొంతవరకే నిజం. నీళ్లు పోస్తున్నా చచ్చే మొక్కలు ఉన్నాయి. కారణం తెలియాలంటే మట్టి కింద వేరు, మట్టి పైన కాండం ఏ పని చేస్తాయో తెలుసుకోవాలి.

వేరు మొక్కను నిలబెడుతుంది, నీళ్లు తాగుతుంది అని చిన్నప్పుడు చదువుకున్నాం. అయితే వేరంతా నీళ్లు తాగదు. ముదిరిన లావు వేరుకు బెరడు కడుతుంది, దాని గుండా నీరు లోపలికి పోయేది తక్కువ. తాగే పని చాలావరకు చివరి లేత భాగానిదే. వేరు కొనకు టోపీలాంటి వేరుతొడుగు ఉంటుంది. మట్టిలో దూసుకుపోయేటప్పుడు కొన అరిగిపోకుండా అది కాపాడుతుంది. దానికి కాస్త వెనుక కంటికి ఆనీ ఆనని నూగు కనిపిస్తుంది. అవే మూలకేశాలు. మట్టి రేణువుల సందుల్లోకి చొరబడి నీటిని, లవణాలను పీల్చేవి ఇవే. 1937లో డిట్మర్ అనే అమెరికా శాస్త్రవేత్త నాలుగు నెలల రై మొక్క ఒక్కదాన్ని తీసుకుని లెక్క కట్టాడు. దాని వేర్లన్నీ కలిపి 600 కిలోమీటర్ల పైచిలుకు పొడవు తేలాయి. మూలకేశాలు దాదాపు 1,400 కోట్లు!

అంత సన్నటి నూగు కాబట్టే మొక్కను మట్టి లేకుండా పీకితే ముందుగా తెగేది అదే. వేరు చూడటానికి బాగానే ఉన్నా, తాగే నోరు పోయినట్టే. ఆకులేమో ఎండకు నీటిని ఆవిరిగా వదులుతూనే ఉంటాయి. అందుకే మట్టిగడ్డ చెదరకుండా, పొద్దు వాలాక నాటమని పెద్దలు చెప్పేది.

ఇక సంచి సంగతి. వేప, కానుగ, చింత, టేకు వంటివాటికి తల్లివేరు ఉంటుంది. అది నేరుగా కిందికి దిగాలి. నల్ల పాలిథిన్ సంచిలో మొక్కను ఎక్కువ కాలం ఉంచితే ఆ వేరు అడుగుకు తగిలి గుండ్రంగా చుట్టుకుంటుంది. తర్వాత భూమిలో పెట్టినా ఆ చుట్ట సులువుగా విడదు. పైన మొక్క ఏపుగా కనిపిస్తుంది, లోపల వేరు దాని మెడకే ఉరి అవుతుంది. నా మట్టుకు నాకు చిన్న సంచిలోని ఆరడుగుల మొక్క కంటే రెండడుగుల మొక్కే మేలు. ఫొటోలో అంత బాగుండకపోవచ్చు. టేకు ప్లాంటేషన్లలో పాత పద్ధతి చూడండి. నారు మొక్కను తవ్వి, కాండాన్ని రెండంగుళాల లోపు ఉంచి, లావైన తల్లివేరు ముక్కతో నాటుతారు. దాన్ని స్టంపు అంటారు. చూస్తే పుల్లలా ఉంటుంది. వేరులో దాచుకున్న ఆహారంతోనే అది చిగురిస్తుంది.

వరి, మక్క, తాటి, ఈత వంటివాటికి తల్లివేరు నిలవదు. కాండం మొదలు నుంచి గుబురుగా వేర్లు వస్తాయి.

నీళ్లు పోసినా చావడానికి ఇంకో కారణం ఉంది, అదే మన ఆదిలాబాద్ రేగడిలో ఎక్కువగా కనిపించేది. వేరు కూడా ఊపిరి తీసుకుంటుంది. మట్టి సందుల్లో గాలి ఉండాలి. ముసురు పట్టి పత్తి చేలో నీళ్లు నిలిస్తే తడిలోనే మొక్క వాడిపోవడం రైతులందరికీ తెలుసు. అది దాహం కాదు, ఊపిరాడకపోవడం. మరి వరి నీళ్లలోనే ఎలా బతుకుతుంది? దాని కాండంలో, వేర్లలో గాలి గదులు ఉంటాయి. ఆకుల నుంచి గాలి వాటి గుండా కిందికి చేరుతుంది. వేపకు ఆ ఏర్పాటు లేదు. జిగట రేగడిలో గుంత తీసి రోజూ ట్యాంకరు నీళ్లు నింపితే అది తొట్టి అవుతుంది. కరీంనగర్ వైపు చెలక నేలల్లో నీరు త్వరగా ఇంకుతుంది, అక్కడ తరచుగా పోయక తప్పదు. రెండు నేలలకూ ఒకే లెక్క పనికిరాదు.

కాండం దగ్గరకు వద్దాం. భూమిలో ఉన్నదంతా వేరు అనుకోవద్దు. మెట్‌పల్లి, కోరుట్ల రైతులు తవ్వే పసుపు కొమ్ము కాండమే. దాని మీద కణుపులు, కణుపు దగ్గర మొగ్గ కనిపిస్తాయి. అందుకే కొమ్మునో గోళనో విత్తనంగా పెడితే మొలకెత్తుతుంది. అల్లం, ఆలుగడ్డ అంతే. క్యారెట్, ముల్లంగి మాత్రం వేర్లు. మనవాళ్లు వాడే మిస్వాక్ విషయం కూడా ఇదే తీరు. పీలూ చెట్టు మిస్వాక్ కొమ్మ నుంచీ వస్తుంది, వేరు నుంచీ వస్తుంది. వేపపుల్ల మాత్రం కొమ్మే.

నిలువు కాండంలో రెండు రకాల గొట్టాలు ఉంటాయి. చెక్కలోని దారువు వేరు తాగిన నీటిని పైకి తీసుకుపోతుంది. మోటారేమీ లేదు, ఆకుల నుంచి నీరు ఆవిరవుతుంటే కింది నీరు తీగలా పైకి లాగబడుతుంది. బెరడును ఆనుకుని లోపల ఉండే పోషక కణజాలం ఆకులు వండిన ఆహారాన్ని వేరుకు చేరుస్తుంది. 17వ శతాబ్దంలో ఇటలీ వైద్యుడు మాల్పీఘీ చెట్టు బెరడును ఉంగరంలా వలిచి చూశాడు. గాటుకు పైభాగం ఉబ్బింది, ఎందుకంటే దిగే ఆహారం అక్కడే ఆగిపోయింది. వేరు కొన్నాళ్లు నిల్వతో బతికి, ఆకలితో చస్తుంది. ఆ తర్వాతే పైన చెట్టు ఎండుతుంది.

మేకలు బెరడును చుట్టూ గీకినా, బోర్డు కట్టిన ఇనుప తీగ బోదెలోకి దిగినా జరిగేది అదే. ఈ రెండు గొట్టాల నడుమ పలుచని పొర ఒకటి ఉంటుంది. అది ఏటేటా లోపలికి చెక్కనూ, బయటికి బెరడునూ పుట్టిస్తుంది. చెట్టు లావెక్కేది దానివల్లే. పాత చెక్క నడిమిన చేవగా మారుతుంది. టేకుకు ఉన్న విలువంతా ఆ చేవదే. అయితే చేవలో నీటి ప్రయాణం ఉండదు. అందుకే నడుమ తొర్ర పడిన చింతచెట్టు ఏళ్ల తరబడి కాస్తుంది. తాటికి, ఈతకు ఆ పలుచని పొర లేదు. వాటికి పడిన గాటు పూడదు, ముదిరాక బోదె లావెక్కదు.

మిగతా చెట్లు లావెక్కుతాయి కాబట్టి గార్డు అప్పటికి ఇరుకవుతుంది. మొదలు చుట్టూ సిమెంటు గద్దె కట్టినా ఇదే ఇబ్బంది. పైగా తాగే వేర్లు కొమ్మల నీడ దాటి దూరం పాకి ఉంటాయి, వాన నీరు వాటికి అందకుండా పోతుంది. పెరిగిన చెట్టుకు నీళ్లు పోయాల్సింది మొదట్లో కాదు, కొమ్మల అంచున. ఇక గార్డు విషయం. మూడో నాలుగో ఏట కడ్డీలు బోదెకు ఆనుతున్నాయేమో చూసి, వెల్డరును పిలిపించి కోయించాలి. మొక్కకూ గుంతకూ పద్దు రాసుకున్న మన లెక్కల పుస్తకంలో ఆ కోత ఖర్చుకు ఇప్పటిదాకా పద్దు లేదు.