మీకు తెలుసా? ఫీజు తీసేసినా అడ్డంకులు పోవు!

టాంజానియా ప్రభుత్వ సెకండరీ బడుల్లో నాలుగో ఫారం (సెకండరీలో నాలుగో ఏడాది) వరకు 2016 నుంచి ఫీజు లేదు. అయినా పేదపిల్లలకు దారి సుగమం కాలేదు. యూనిఫాం, రాకపోకల ఖర్చు ఇంటివాళ్లదే. గర్భం దాల్చిన అమ్మాయిలను బడి నుంచి పంపేసి, మళ్లీ రానివ్వని పద్ధతి 2021 నవంబరు వరకు సాగింది. వీటికి తోడు భాష: ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో ఏళ్లపాటు స్వాహిలీలో చదివిన పిల్లలకు సెకండరీలో దాదాపు అన్ని పాఠాలూ ఇంగ్లిష్‌లోనే. ఉద్యోగానికి ఇంగ్లిష్ కావాలి కదా అంటారు. నిజమే. కానీ ఇంగ్లిష్‌ను బాగా నేర్పడం వేరు, ఇంకా పట్టుబడని ఇంగ్లిష్‌లో లెక్కలు, సైన్సు చెప్పడం వేరు. రెండోదానివల్ల భాషా రాదు, సబ్జెక్టూ రాదు. కాబట్టి ఫీజు రద్దు అవసరమైన తొలి అడుగే తప్ప పూర్తి పరిష్కారం కాదు.