జంట ఇన్వర్టర్లు – తగవు తీర్చు విధానం

తెలుగు పాఠం చెప్పేవానికి ఇన్వర్టర్లతో ఏమి పని అని విద్యార్థి మిత్రులు నవ్వుకొనవచ్చును. జాతీయ సేవా పథకం శిబిరానికి మన విద్యార్థులను ఒక కొండ ప్రాంతానికి తోడ్కొని పోయినప్పుడు ఆ పని నాకు తటస్థించినది. మేము బస చేసిన ఆశ్రమ పాఠశాలకు విద్యుత్ తీగ లేదు. పైకప్పు మీది సౌర ఫలకాలు, 48 వోల్టుల బ్యాటరీ వరుస, చెరి 5 కిలోవాట్ల ఇన్వర్టర్లు రెండు, మబ్బు పట్టిన దినాలకు 15 కె.వి.ఏ. డీజిల్ జనరేటరు ఒకటి: అక్కడి వెలుగంతా వీటిదే. పదవ తరగతి పరీక్షలకు మూడు వారాలే గడువున్నది. సాయంకాలం జనరేటరు వేసిన కొద్ది నిమిషాలకే రెండవ ఇన్వర్టరుపై ఎర్రదీపం వెలిగి, బడి అంతా చీకటయ్యేది. పిల్లలు పుస్తకాలు మూసుకొని వరండాలో కూర్చుండేవారు. ఆ యంత్రం చెడిపోయినదని నిశ్చయించి, కొత్తది కొనుటకు అక్కడి కమిటీవారు తీర్మానం కూడా వ్రాసుకొన్నారు. మాతో వచ్చిన భౌతికశాస్త్ర ఉపన్యాసకులు మాత్రం ఒక్క రాత్రి ఆగుమన్నారు.

ఇన్వర్టరు చేసే పని మనకు తెలియనిది కాదు. బ్యాటరీలోని ఏకముఖ విద్యుత్తును 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తుగా మార్చి ఇచ్చును. ఒక యంత్రం చాలనప్పుడు రెండింటిని సమాంతరంగా కలుపుదురు. చిక్కంతా ఈ కలపడంలోనే ఉన్నది. ఇద్దరు బాలురు ఒకే పద్యాన్ని కలిసి చదువుతున్నారనుకొందాము. ఇద్దరి గొంతు ఒకే స్థాయిలో ఉండవలెను. ఇద్దరి నడక ఒకటి కావలెను. అంతేగాక, ఇద్దరూ ఒకే క్షణాన ఒకే అక్షరం మీద ఉండవలెను. మొదటి రెండూ కుదిరి మూడవది కుదరనిచో అది పద్యం కాదు, గోల. ఇక్కడ గొంతు స్థాయి వోల్టేజి, నడక పౌనఃపున్యం, అక్షరం కలియుట దశ. 230 వోల్టుల విద్యుత్తు తన శిఖరాన సుమారు 325 వోల్టులు ఉండును. ఒకటి పైశిఖరాన ఉండగా మరొకటి అడుగున ఉన్నచో రెండింటి నడుమ వ్యత్యాసం 650 వోల్టులు. అప్పుడు పుట్టే కరెంటు దీపాలకు పోదు. ఒక యంత్రం నుండి మరొక యంత్రంలోకి దూకి దానిని దగ్ధం చేయును. అందుకే సమాంతరంగా పనిచేయుటకు నిర్మించిన ఇన్వర్టర్లను ఒక సన్నని సమాచార కేబులుతో ముడివేసి, ఒకదానిని నాయకునిగా నిలుపుదురు. రెండూ ఒకే నమూనావి, ఒకే ప్రోగ్రాము గలవి కావలెను. అంగడిలో దొరికే సాధారణ గృహ ఇన్వర్టర్లు రెండింటిని తెచ్చి కలుపుట ఎన్నడును కూడదు.

మా మిత్రులు మొదట మీటరు తీయలేదు. ప్రధానోపాధ్యాయులను ఒక ప్రశ్న అడిగినారు. "బ్యాటరీ మీద నడిచేటప్పుడు ఎప్పుడైనా ఇట్లు ఆగినదా?" ఆగలేదన్నారు. ఆ ఒక్క జవాబుతో సగం వెదుకులాట తప్పినది.

ఎట్లనగా, బ్యాటరీ మీద నడిచేటప్పుడు మాత్రమే తగవు వచ్చినచో బ్యాటరీ వైపు తీగలను, బిగింపులను చూడవలెను. 48 వోల్టుల దగ్గర 5 కిలోవాట్లు ఇచ్చుటకు ఒక్కొక్క ఇన్వర్టరు 100 ఆంపియర్లకు పైగా తీసుకొనును. అంత ప్రవాహంలో వదులైన ఒక లగ్గు వద్ద కేవలం 5 మిల్లీ ఓముల నిరోధం ఉన్నను అర వోల్టు పోవును. అచ్చటనే 50 వాట్ల వేడి పుట్టును. సోల్డరింగు ఐరన్ ఒకటి బ్యాటరీకి అంటించి ఉంచినట్లే! రెండు ఇన్వర్టర్లకు సమానమైన పొడవు, సమానమైన మందం గల కేబుళ్లు ఉండవలెననుట ఇందుకే.

జనరేటరు నడిచేటప్పుడు కథ వేరు. అప్పుడు ఇన్వర్టర్లు విద్యుత్తును తయారుచేయవు. లోపలి రిలేను మూసి, జనరేటరు కరెంటును తమగుండా పోనిచ్చును. బ్యాటరీ మీద ఉన్నప్పుడు బరువును పంచుకొనుటకు వాటికి తెలివి కలదు. ఇప్పుడు ఆ తెలివి పనికిరాదు. నిరోధం తక్కువ ఉన్న దారినే కరెంటు ఎక్కువగా పోవును. క్లాంప్ మీటరుతో చూడగా మొదటి ఇన్వర్టరుకు వచ్చే తీగలో 11, రెండవదానిలో 33 ఆంపియర్లు ఉన్నవి. ఒక్కొక్క రిలే భరించగలది 30. మొదటి ఇన్వర్టరు మూత తీసి చూడగా దాని ఇన్‌పుట్ మర వదులై, తీగ తొడుగు గోధుమవన్నెకు మాడి ఉన్నది. దోషం మౌనంగా ఉన్న మొదటిదానిది. ఎర్రదీపం రెండింటి బరువును మోసిన రెండవదానిది. తీర్మానం ప్రకారం పారవేయవలసినది ఈ రెండవదే!

తీగ కొన కత్తిరించి, కొత్త లగ్గు వేసి బిగించగా 21, 23 ఆంపియర్లు వచ్చినవి. మూత తీసేముందు జనరేటరును ఆపి, బ్యాటరీ స్విచ్చిని తీసి, లోపలి కెపాసిటర్లు చల్లారుటకు కొంతసేపు వేచి, మీటరుతో సరిచూచుకొన్న తరువాతనే చేయి పెట్టినారు. విద్యార్థులు ఈ వరుసను గుర్తుంచుకొనవలెను.

ఇక్కడ నన్ను ఆశ్చర్యపరచిన విషయం ఒకటున్నది. జనరేటరు వైపు తీగలు మరీ పొట్టివైనను కష్టమే. రెండు రిలేల నిరోధం 1, 2 మిల్లీ ఓములు అనుకొందాము. తీగల నిరోధం చెరి 1 అయినచో దారులు 2, 3 అగును. 60 ఆంపియర్లు 36, 24గా చీలును. తీగల నిరోధం చెరి 8 అయినచో దారులు 9, 10. ఇంచుమించు సమాన భాగాలే వచ్చును. పొదుపుకై తీగ కురచ చేయుట అన్నివేళలా పొదుపు కాదన్నమాట.

మరునాడు మరొక పేచీ వచ్చినది. నీళ్ల పంపు వేయగానే ఇన్వర్టర్లు జనరేటరును వదలి బ్యాటరీకి, మరల జనరేటరుకు ఊగసాగినవి. పంపు మోటారు బయలుదేరేటప్పుడు మామూలుకంటె అనేక రెట్లు కరెంటు లాగును. నిమిషానికి 1500 చుట్లు తిరిగే నాలుగు ధ్రువాల జనరేటరు 50 హెర్ట్జ్ ఇచ్చును. బరువు పడగా వేగం తగ్గును. పౌనఃపున్యం హద్దు దాటినదని ఇన్వర్టర్లు దానిని విడనాడును. బరువు తొలగిన జనరేటరు 52 హెర్ట్జ్ వరకు పరుగెత్తును. అది స్థిరపడగానే ఇన్వర్టర్లు మరల చేపట్టి, ఆకలిగొన్న బ్యాటరీలకు చెరి 60 ఆంపియర్ల చార్జింగు మొదలుపెట్టును. అది సుమారు ఆరున్నర కిలోవాట్లు! దానిపై పంపు పడగా మరల అదే గతి. చార్జింగును చెరి 30కి తగ్గించి, ఇన్వర్టర్లు తీసుకొనగల కరెంటుకు పరిమితి పెట్టగా ఊగులాట ఆగినది. జనరేటరు మరికొంతసేపు నడపవలసి వచ్చును, అది తప్పదు.

ఆ బడిలో సౌర ఫలకాలు చార్జి కంట్రోలరు ద్వారా సూటిగా బ్యాటరీకే చేరును. కొన్నిచోట్ల ప్రత్యేక సౌర ఇన్వర్టరును ఏకాంతర విద్యుత్తు వైపున కలుపుదురు. బ్యాటరీ ఇన్వర్టరు పౌనఃపున్యాన్ని కొంచెం పెంచి, సౌరశక్తిని తగ్గుమని సైగ చేయును. జనరేటరు ఉన్నప్పుడు ఆ సైగ చేయుట దాని వశంలో ఉండదు. మిగులు విద్యుత్తు జనరేటరులోకే తిరిగిపోయే ప్రమాదం కలదు. అట్టి చోట జనరేటరు నడుచునంతసేపు సౌర ఇన్వర్టరును వేరుచేయుటే క్షేమం.

మేము తిరిగివచ్చేనాటికి వారం రోజులు దీపాలు ఆరలేదు. తీర్మానించిన సొమ్ములో కొంత కేబుళ్లకు, కొంత ఒక క్లాంప్ మీటరుకు అయినది. తక్కినది ఆ బడి పద్దులోనే ఉన్నది.