ఒకే దశలో కక్ష్యకు: ఏ ఇంజిన్ మోయగలదు?

భూమికి దగ్గరి కక్ష్యలో నిలవాలంటే సెకనుకు దాదాపు 7.8 కిలోమీటర్ల వేగం కావాలి. గురుత్వాకర్షణకు, గాలి నిరోధానికి ధారపోసేది కూడా కలిపితే రాకెట్ సమకూర్చుకోవలసింది 9 కిలోమీటర్ల పైమాటే. పీఎస్‌ఎల్‌వీ ఈ పనిని నాలుగు దశల్లో, ఖాళీ అయినదాన్ని విడిచేస్తూ పూర్తిచేస్తుంది. దేన్నీ వదలకుండా ఒకే దశలో వెళ్లి, దిగి, మళ్లీ ఇంధనం నింపుకుని ఎగిరే వాహనం ఉంటే ప్రయోగాలు చవకవుతాయన్నది ఇంజినీర్ల చిరకాల ఆశ.

కిరోసిన్, ద్రవ ఆక్సిజన్ మండితే వాయువులు సెకనుకు సుమారు 3.3 కిలోమీటర్ల వేగంతో వెలువడతాయి. సియాల్కోవ్‌స్కీ 1903లో ప్రచురించిన సూత్రం ప్రకారం, అప్పుడు బయల్దేరే బరువులో సుమారు 94 శాతం చోదకాలకే పోతుంది. ట్యాంకులు, ఇంజిన్లు, ఉష్ణ కవచం, ఉపగ్రహం అన్నీ మిగతా ఆరు శాతంలో ఇమడాలి. ద్రవ హైడ్రోజన్‌తో వేగం 4.4 కిలోమీటర్లకు పెరిగి, చోదకాల వాటా 88 శాతానికి దిగుతుంది. అయితే ఘనపు మీటరు ద్రవ హైడ్రోజన్ తూగేది 71 కిలోలే. కిరోసిన్ 800 కిలోలు. అందువల్ల హైడ్రోజన్ ట్యాంకు భారీగా ఉండాలి, మైనస్ 253 డిగ్రీల చలిని తట్టుకోవాలి, అయినా తేలిగ్గానే ఉండాలి.

నాసా, లాక్‌హీడ్ మార్టిన్ 1996లో చేపట్టిన నమూనా వాహనం ఎక్స్-33 ఇక్కడే దెబ్బతింది. దానికి ఏరోస్పైక్ ఇంజిన్ ఎంచుకున్నారు. మామూలు నాజిల్ ఒక ఎత్తులోనే పూర్తి సామర్థ్యంతో పనిచేస్తుంది. ఏరోస్పైక్‌లో వాయువులు వంపు పలక వెంట జారుతుంటే, రెండో వైపు గోడ పనిని బయటి గాలి పీడనమే చేస్తుంది. ఇంజిన్ నేలమీద బాగానే మండింది. 1999 నవంబరులో కాంపోజిట్ ట్యాంకును నింపి పరీక్షించారు. సన్నని పగుళ్లగుండా హైడ్రోజన్ గోడ లోపలి అరల్లోకి చేరింది. ట్యాంకు ఖాళీచేశాక వేడెక్కి వ్యాకోచించి, పై పొరను ఊడదీసింది. 2001లో ప్రాజెక్టు ఆగిపోయింది.

ఆక్సిజన్‌ను మోసుకెళ్లకుండా గాలి నుంచే తీసుకోవడం మరో దారి. బ్రిటన్‌కు చెందిన రియాక్షన్ ఇంజిన్స్ సంస్థ సేబర్ ఇంజిన్ కోసం, వెయ్యి డిగ్రీల గాలిని రెప్పపాటులో చల్లార్చే యంత్రాన్ని 2019లో నేలమీద విజయవంతంగా పరీక్షించింది. నిధులు అందక 2024లో మూతపడింది. 2016 ఆగస్టు 28న శ్రీహరికోట నుంచి ఇస్రో పరీక్షించిన, గాలినే వాడుకునే స్క్రామ్‌జెట్ ఇంజిన్లు ఐదు సెకన్లు మండాయి. ఆ ఇంజిన్లు అంటుకోవాలంటే ముందుగా రాకెట్ వాటిని ధ్వనికి ఎన్నో రెట్ల వేగానికి చేర్చాలి. వాతావరణం దాటాక మళ్లీ రాకెట్టే దిక్కు.

అణు ఇంజిన్‌లో హైడ్రోజన్ ఇంకా వేగంగా వెలువడినా, రియాక్టర్ బరువు, ప్రమాదంలో రేడియేషన్ ముప్పు వల్ల నేలమీది నుంచి ప్రయోగానికి అది తగదు.

ఏ ఇంజిన్ వాడినా, ఒకే దశ వాహనంలో నిర్మాణం కిలో పెరిగితే ఉపగ్రహంలో కిలో తగ్గుతుంది. రెండు దశల రాకెట్‌లో మొదటి దశ బరువెక్కినా, ఆ నష్టంలో కొద్ది వంతే ఉపగ్రహంపై పడుతుంది. కాళ్లు, దిగేందుకు ఇంధనం మోస్తూ కూడా ఫాల్కన్-9 మొదటి దశ 2015 డిసెంబరులో నేలకు తిరిగి రాగలిగింది అందుకే.