పసిబిడ్డకు గుడ్డా, డైపరా?

టీకాల రోజున మా ఓ.పి. వరండాలో కూర్చున్న వాళ్ళను చూస్తే ఊరు రెండుగా చీలిపోయిందా అనిపిస్తుంది. చేతిసంచిలో నాలుగు పాత పంచె ముక్కలు మడిచి పెట్టుకున్న అమ్మమ్మలు ఒకవైపు, డైపర్ల ప్యాకెట్టు పెట్టుకున్న చిన్న వయసు తల్లులు మరోవైపు. "సిస్టరుగారూ, ఏది మంచిదో మీరే చెప్పండి" అని ఇద్దరూ మమ్మల్నే మధ్యవర్తిగా నిలబెడతారు. ఏడాది దాటి నడక నేర్చిన పిల్లల విషయంలో ఈ తగవు మరీ ఎక్కువ.

మేము నర్సింగు చదివిన రోజుల్లో మన ఊళ్ళలో ఈ ప్రశ్నే లేదు, అందరిదీ గుడ్డే. అందుచేత చాలాకాలం మేము కూడా "గుడ్డే వాడండి" అని ఒక్కమాట చెప్పి పంపేవాళ్ళం. ఒక వానాకాలంలో ఆ మాట మాకే ఎదురు తిరిగింది. రొయ్యల షెడ్డులో పనికి వెళ్ళే ఒక తల్లి మా మాట విని డైపర్లు మానేసి, పదిహేను నెలల కూతురికి గుడ్డలు కట్టసాగింది. ఉన్నవి ఆరేడు గుడ్డలు. వారం రోజులు ముసురు పట్టింది. ఇంట్లో తాడు మీద వేసినవి ఆరక, చెమ్మగా ఉన్నవే కట్టారు. పగలు బిడ్డను చూసుకొనే నాయనమ్మకు చూపు సరిగా ఆనదు, తడిసిన గుడ్డ గంటల తరబడి అలాగే ఉండిపోయేది. తొడల సందులు కందిపోతే మెడికల్ షాపులో అడిగి ఒక ట్యూబు తెచ్చి మూడు వారాలు రాశారు. అందులో ఫంగస్ మందుతోపాటు గట్టి స్టెరాయిడ్ కలిసి ఉంది. ఎరుపు తగ్గినట్టే తగ్గి, చర్మం పలచబడి, మళ్ళీ రేగి పచ్చిపుండయ్యాక మా దగ్గరకు తెచ్చారు. ఆ తల్లి మమ్మల్ని నిందించలేదు. "మీరు చెప్పినట్టే చేశాం గదండీ" అంది, అంతే.

అప్పటినుండి మేము ముందు ప్రశ్నలు అడుగుతున్నాం. ఎన్ని గుడ్డలున్నాయి? ఎవరు ఉతుకుతారు? పగలు బిడ్డ ఎవరి దగ్గర ఉంటుంది?

చర్మాన్ని పాడుచేసేది తడి, విరేచనం, ఒరిపిడి. ఈ మూడూ గుడ్డలోనూ ఉంటాయి, డైపరులోనూ ఉంటాయి. డైపరు లోపల ఉన్న పొడి తడిని పీల్చుకొని జెల్లీలా ఉబ్బుతుంది. అందువల్ల వేళకు మారిస్తే తడిగుడ్డ కంటే డైపరులోనే చర్మం పొడిగా ఉంటుంది. ఈ మాట అమ్మమ్మలకు నచ్చదు గాని నిజం. చిక్కు ఎక్కడంటే, కారడం లేదు గదా అని పొద్దున వేసినది సాయంత్రం దాకా ఉంచేస్తారు. మూడు నాలుగు గంటలకు ఒకసారి మార్చాలి, విరేచనం అయితే వెంటనే. డైపరు మిగుల్తుందని గుడ్డ మీద ప్లాస్టిక్ నిక్కరు తొడిగే అలవాటు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. గాలి ఆడదు, తడి పోదు, రెండిటిలోని చెడ్డా అందులోనే ఉంది.

ఖర్చు చూద్దాం. డైపరు ఒక్కటి 10 రూపాయలు అనుకుంటే, రోజుకు 5 చొప్పున నెలకు 1,500 రూపాయలు. కూలి డబ్బుతో నడిచే ఇంటికి ఇది చిన్నమాట కాదు. రాత్రికి ఒక్కటి మాత్రం వాడితే 300తో పోతుంది. గుడ్డలకైతే కనీసం రెండు డజన్లు ఉండాలి, పాత నూలు చీరలూ పంచెలూ బాగా పనికివస్తాయి. సబ్బు మిగలకుండా రెండు నీళ్ళలో జాడించి ఎండలో ఆరవేయాలి. వాన రోజుల్లో ఇస్త్రీ చేసి తడి పూర్తిగా పోగొట్టాలి. పసిబిడ్డ దొడ్డికి వెళ్ళినది ఏం చేస్తుందిలే అనుకుంటారు. అందులోనూ రోగక్రిములు ఉంటాయి. గుడ్డైనా డైపరైనా ముందు అది మరుగుదొడ్డిలో పడాలి, తరువాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. వాడిన డైపర్లను కాలువలో వేయకండి, కాల్చకండి. విడిగా కాగితంలో చుట్టి చెత్తబండికి ఇవ్వాలని 2016 నాటి ప్రభుత్వ నిబంధనలే చెప్పాయి. గుడ్డ ఉతకడానికీ నీళ్ళూ కరెంటూ ఖర్చవుతాయి గదా అంటారు. బ్రిటన్‌లో 2008లో వెలువడిన ప్రభుత్వ అధ్యయనం గుడ్డల లాభమంతా ఉతికే తీరులోనే ఉందని తేల్చింది. మిషనులో వేడిగాలికి ఆరబెడితే నష్టం పెరుగుతుంది, తీగె మీద ఆరవేసి రెండో బిడ్డకూ అవే వాడితే తగ్గుతుంది. ఎండకు మనకు కొదవ లేదు.

విరేచనాలు పట్టుకున్నప్పుడు మాత్రం జాగ్రత్త. మూత్రం వచ్చిందో లేదో డైపరులో తెలియదు, అంతా కలిసిపోతుంది. ఆరు గంటలకు పైగా మూత్రం లేకపోతే బిడ్డ ఒంట్లో నీరు తగ్గుతోందని గుర్తు. ఆ రోజుల్లో పగలు గుడ్డ వేసి గమనిస్తూ ఓ.ఆర్.ఎస్. పట్టండి. మా వార్డులో దీనికి తిరగేసి చేస్తాం. విరేచనాలు లేని జబ్బు పిల్లలకు మేమే డైపరు వేసి తూకం వేస్తాం. పొడి డైపరు బరువు తీసివేయగా ఎన్ని గ్రాములు పెరిగితే సుమారు అన్ని మిల్లీలీటర్ల మూత్రం అని లెక్క. "మమ్మల్ని వద్దని మీరే వేస్తున్నారా" అని నవ్విన తల్లులూ ఉన్నారు.

ఇప్పుడు మేము చెప్పేది ఇది. ఇంట్లో ఉన్నంతసేపు గుడ్డగాని, ఉత్త నూలు చెడ్డీగాని. రాత్రి నిద్రకు, బస్సు ప్రయాణానికి, ఆదివారం ఆరాధనకు డైపరు. ఏడాదిన్నర దాటిన బిడ్డ తడిస్తే చూసుకొని చెబుతుంటే, రెండు గంటలు పొడిగా ఉండగలిగితే, ఒంటికి కూర్చోబెట్టడం అలవాటు చేయవచ్చు. నాయనమ్మలు పాదాల మీద కూర్చోబెట్టి చేయించే పద్ధతి మంచిదే. తొందరపెట్టి కొట్టడం వద్దు.

ఒళ్ళు కందితే గోరువెచ్చని నీటితో కడిగి, ఒత్తి తుడిచి, కాసేపు గాలికి వదిలి జింక్ ఆయింట్‌మెంట్ రాయండి. పౌడరు చల్లవద్దు, ఊపిరిలోకి పోతుంది. మడతల్లో గట్టి ఎరుపు, చుట్టూ చిన్న పొక్కులు కనిపించినా, మూడు రోజుల్లో తగ్గకపోయినా టీకాల రోజు దాకా ఆగకుండా తీసుకురండి. ఇంట్లో ఏదైనా ట్యూబు రాసి ఉంటే దాన్ని కూడా వెంట తెండి.